గేటు పక్కన రెండు పచ్చి వెదుళ్లు

ఆయన పోయారని తెలిసిన క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఇది దాచిపెట్టి ఆయన గురించి ఇంకేం రాసినా దొంగరాతే అవుతుంది.

శనివారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఆయన వెదురు డిపోలో ముప్ఫై ఏళ్లుగా ట్రాలీ ఆటో నడిపే భాయ్.

"సాబ్, సేట్ గుజర్ గయే. నిద్రలనే పోయిండు. పొద్దుగాల లేపితే లేవలే."

"అయ్యో" అన్నాను. నోరు అయ్యో అంటూనే ఉంది, గుండెల మీంచి బరువు దిగిపోతూనే ఉంది. నేను చేసిన తప్పు తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కరే. ఆ ఒక్కరూ పోయారు.

తప్పేమిటో ముందే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు. మూసీ దక్షిణపు ఒడ్డున మా ఆఫీసు వాళ్లు చెట్లు నాటి, గడ్డి పరిచి, సైకిల్ బాట వేస్తున్నారు. బాట మీదికి బళ్లు ఎక్కకుండా ఇనుప గుంజలు పాతుతారు. ఆ గుంజల వరస ఒక మూల దగ్గర వెదురు డిపోల సందు మలుపును ఇరుకు చేస్తుంది. సరుకు బళ్లేవీ ఆ మూల తిరగవు, అక్కడ అదనంగా దారి వదలక్కర్లేదు అని కాగితం రాసి సంతకం పెట్టింది నేను. ఆ కాగితం అబద్ధం. సోమవారం గుంజలకు కాంక్రీటు పోస్తారు.

ఆయన పేరు ఇక్కడ అక్కర్లేదు. సందులో అందరికీ ఆయన సేటే. పొట్టి మనిషి, బక్క ప్రాణం. తన సరుకు పక్కన నిలబడితే ఆయన ఎత్తు మూడో వంతు కూడా ఉండేది కాదు. మోకాళ్ల దాకా మడిచిన ధోవతి, పొడుగు చేతుల చొక్కా, ఆ చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. ఆ జేబులో ఏముందో తర్వాత చెబుతాను. సైదాబాద్‌లో ఇల్లు. అక్కడి నుంచి దబీర్‌పురా మీదుగా రోజూ పాత సైకిల్ మీద డిపోకు వచ్చేవారు. సైకిల్ బాట వద్దని లొల్లి చేస్తున్న ఆ సందు మొత్తంలో సైకిల్ తొక్కేది ఆయనొక్కరే. ఆ మాట నేను ఎగతాళిగా అంటే ఆయనకు కోపం రాలేదు.

"బాట వద్దని ఎవరన్నరు? ఎయ్యుండ్రి. మస్తు ఖుషీ నాకు" అన్నారు.

అయితే ఆ మూల దగ్గరికి రాగానే ఎప్పుడూ సైకిల్ దిగి నడిపించుకునేవారు. రోడ్డు ఖాళీగా ఉన్నా దిగేవారు. ఎందుకని అడిగితే, "గా మూల మీద ఎవలు వస్తున్నరో మనకు కనవడదు. మనం గూడ వాళ్లకు కనవడం" అని చెప్పి మళ్లీ ఎక్కేవారు.

ఆయనకొక అలవాటు. ఏది కనబడినా వేలి ముడితో కొట్టి చూసేవారు. వెదురును అలా కొట్టి, చెవి దగ్గరగా పెట్టి, లోపల పురుగు తిన్నదో లేదో చెప్పేయడం ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు మామూలే. కానీ ఈయన మా ఆఫీసుకొచ్చి నా బల్లను కొట్టారు, తలుపును కొట్టారు, నా ముందున్న ప్లాస్టిక్ ఫైలు డబ్బాను కూడా కొట్టి చూసి తల పంకించారు. "ఏం సేటూ, లోపల తిన్నదా?" అని నేను వెటకరించాను. "లే సార్, ఖాళీగున్నది" అన్నారు. ఆ రోజు ఆఫీసంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఇక జేబు సంగతి. దాన్నిండా ఎర్ర గుడ్డ పీలికలు. బండి బయల్దేరేముందు, వెనక్కి పొడుచుకొచ్చిన వెదుళ్ల కొసలకు ఆ పీలిక తన చేత్తోనే కట్టేవారు. కట్టి రెండుసార్లు గుంజి చూసేవారు. తర్వాత బండి చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ గుంజేవారు. భాయ్‌కి విసుగొచ్చి, "సేట్, నేను కట్టనా? ముప్పై సాల్ అయింది" అంటే, "నువ్వు బండి నడుపు" అనేవారు.

దానికి కారణం మూల మీది ఇంట్లోనే ఉంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దావిడ, సందంతా ఆపా అని పిలుస్తుంది. చాలా ఏళ్ల కిందట, గుడ్డ కట్టని ట్రాలీ ఒకటి సడన్‌గా ఆగితే, వెనక స్కూటర్ మీద కూర్చున్న ఆవిడ కుడికంట్లో వెదురు కొస దిగింది. ఆ ట్రాలీ ఈ డిపోదే. ఆ కన్ను పోయింది. ఆనాటి నుంచి గుడ్డ కట్టే పని సేటు ఇంకొకరికి ఇవ్వలేదు. సైకిల్ బాట రావాలని ఆ సందులో అందరికంటే గట్టిగా అడిగింది కూడా ఆపానే. ఇద్దరూ రోజూ ఎదురుపడేవారు, సలాం చెప్పుకునేవారు, బాగోగులు అడుక్కునేవారు. ఆ కన్ను సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తగా నేనెప్పుడూ వినలేదు.

డిపో గేటుకు ఆనించి, బయటి వైపు, ఎప్పుడూ రెండు పచ్చి వెదుళ్లు నిలబెట్టి ఉండేవి. ఇరవై అడుగులవి, కొయ్యనివి. నేను మొదటిసారి చూసినప్పుడు, రోడ్డు ఆక్రమణ కింద వాటిని కూడా రాసుకోబోయాను.

"అవి అమ్మెటియి గావు సార్" అన్నారు ఆయన. "చుట్టుపక్కల ఎవలింట్లనన్న మనిషి పోతే, వచ్చి పట్కపోతరు. అడుగుడు లేదు, చెప్పుడు లేదు. పాడెకు."

"అంత పొడుగెందుకు? కోసి పెట్టొచ్చు గద."

"మనిషిని చూడకుంట ఎట్ల కోస్తం? ఇంటికి పోయినంక కొలత వెట్టి కోస్తరు."

ఎవరైనా పట్టుకెళ్తే పొద్దుగూకేలోపు కొత్తవి నిలబెట్టాలన్నది ఆయన తండ్రి పెట్టిన పద్ధతి. ఆ జాగా ఖాళీగా ఉంటే ఆయన ఇంటికి బయల్దేరేవారు కాదు. నేను అవి ఆక్రమణ కింద రాయలేదు. అప్పటికి ఆ మాత్రం బుద్ధి నాకుంది.

బుద్ధి పోయింది సర్వే రోజున. మా పెద్ద సారు, అంటే ప్రాజెక్టు చూసే ఇంజినీరు, ముందు రోజు సాయంత్రం పిలిచి, "ఆ మూలల బండ్లు ఎన్ని తిరుగుతయో ఒక్క రోజు కూసోని రాసుకరా. రేపే అయిపోవాలె" అన్నారు. మర్నాడు అమావాస్య. నాకు తెలియదని కాదు. మాది హుస్సేనీ ఆలంలో తరతరాలుగా గుడి పూజ చేసుకున్న ఇల్లు. మా నాన్నగారు పోయి నాలుగేళ్లు. అమావాస్య అమావాస్యకూ తర్పణం వదిలే ఆఫీసుకు వెళ్తాను. ఆ రోజూ వదిలాను. దర్భలు సమయానికి కనబడలేదని ఇంట్లో నానా రభస చేసి, నువ్వులూ నీళ్లూ హడావుడిగా వదిలి, స్కూటరెక్కి వెళ్లి ఆ మూల మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఒక్క ట్రాలీ లేదు. నాకు సంబరం. రాసే పనే లేదు, నీడన కూర్చోవడమే. పదింటికి సేటు కొబ్బరిచిప్ప పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. వెనక డిపో గేటుకు పసుపు, కుంకుమ, కట్టిన కొత్త బూడిదగుమ్మడికాయ. సగం మూసిన గేటు. పక్క డిపోలూ అంతే, వాటిలో మనుషులు కూడా లేరు.

"ఏం రాస్తున్నరు సార్?"

"బండ్లు."

"ఇయ్యాల ఏ బండి రాదు సార్. అమాస గద. మేము సరుకు దించం, కొయ్యం. రేపు రాండ్రి."

నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పైగా ఆ సందువాళ్లంతా పనికి అడ్డం పడేవాళ్లే అని ముందే మనసులో పెట్టుకుని వచ్చాను. "నా పని నాకు చెప్పకుండ్రి సేటూ. సర్కారు పనికి తిథులు ఉండయి" అన్నాను.

ఆయన నా మణికట్టు వైపు చూశారు. నేనూ చూసుకున్నాను. నల్ల నువ్వుగింజ ఒకటి అంటుకుని ఉంది.

"ఎవరికి సార్? బాపుకా?"

"ఔ."

"ఎక్కడుంటరు?"

చెప్పాను. మా నాన్న చేసిన గుడి ఏదో కూడా చెప్పాను. "అయ్యగారి కొడుకా మీరు" అని చేతిలోని కొబ్బరి ముక్క నాకు పెట్టారు. ఆనాటి నుంచి సార్ మానేసి నన్ను అయ్యగారూ అనే పిలిచారు. ఆయన వెళ్లాక నేను ఆ అమావాస్య కొబ్బరి ముక్క కొరుకుతూ, ఇంకో చేత్తో 'సరుకు బండ్లు లేవు' అని రాసుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

నాకు వెలగలేదని బొంకను. సాయంత్రానికే వెలిగింది. కానీ ఇంకో రోజు అక్కడ కూర్చోవడానికి బద్ధకం, గడువు తప్పితే పెద్ద సారు అరుస్తారని భయం. ఒక్క వాక్యం, 'అమావాస్య కావున దుకాణములు మూసియున్నవి' అని రాస్తే సరిపోయేది. రాయలేదు.

నెల తిరిగేసరికి నా కాగితాన్ని బట్టి గీత గీశారు. గుంజలు వచ్చే చోటల్లా సున్నం చుక్కలు. ఆ చుక్కలు సరిగ్గా పడ్డాయో లేదో చూద్దామని నేను వెళ్తే, ప్రతి చుక్క మీదా ఒక్కో ఇటుకను నిలబెట్టి సేటు నా కోసం చూస్తున్నారు. భుజం మీద వెదురు. దాని రెండో కొస నేల మీద ఉంది.

"జర ఆ కొస పట్టుండ్రి అయ్యగారూ."

"నేనా?"

"మీరే. గీత మీది గద."

సందులో నలుగురు చూస్తున్నారు. కాదంటే బాగుండదని పట్టుకున్నాను. ఆయన ముందు, నేను వెనక. డిపో గేటు నుంచి బయల్దేరి మూల దాకా వచ్చాం. ఆయన మలుపు తిరిగారు. నేను తిరగబోయేసరికి నా కొస ఆపా ఇంటి గోడకు తగిలింది. వెనక్కి జరిగితే మధ్యలో వెదురు ఇటుకలను పడేసింది. ముందుకు తోస్తే ఆయన నది గట్టు కంచెకు నొక్కుకుపోయారు. ముందుకూ లేదు, వెనక్కీ లేదు. నాకు చెమటలు పట్టాయి.

"పైకి లేపి తిప్పొచ్చు గద" అన్నాను.

ఆయన తలెత్తి చూడమన్నారు. కరెంటు తీగలు, కేబుల్ తీగలు, ఇంకా ఏవేవో తీగలు, చెయ్యెత్తు పైనే చిక్కుపడి ఉన్నాయి.

"మీరు ఖాళీ బండిని కొలిచి గీత గీసిండ్రు. బండి తిరుగుతది. కానీ బొంగు తిరగాలె గద అయ్యగారూ. ఒక్కదానికే గిట్లుంటే, కట్టకు కట్ట ఎట్ల తిరుగుతది?"

"ఎంత ఇడవాలె?"

ఇటుక దగ్గర నిలబడి రెండు చేతులూ చాచారు. అక్కడి నుంచి జరిగి ఇంకోసారి చాచారు. రెండు బారలు. "గింతే. మిగతాదంత చెట్లు వెట్టుకోండ్రి. ఈ రెండు బారలు లేకుంటే మేమందరం ఊరవతలికి పోవాలె. పోతం, ఏడనో ఓకాడ బతుకుతం. మరి గీ రెండిటిని ఎవలు నిలవెట్టాలె?" అని గేటు పక్కనున్న పచ్చి వెదుళ్లను చూపించారు.

చూస్తాను అన్నాను. మా ఆఫీసులో చూస్తాను అంటే ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత సభ. ఆ పక్కనున్న బడి హాల్లో పెట్టారు. డిపోలవాళ్లు ఒకవైపు, ఇళ్లవాళ్లు ఒకవైపు. మొదలైన పది నిమిషాలకే కుర్చీలు తోసుకునేదాకా వచ్చింది. మా బతుకు మీద మన్ను పోస్తున్నరని వీళ్లు, మా పిల్లలు ఎన్నాళ్లు బండ్ల కింద పడాలని వాళ్లు. అప్పుడు ఆపా లేచింది. ఆవిడ లేస్తే గదిలో అల్లరి తగ్గింది.

"నా ఒక కన్ను ఈ బొంగులకు ఇచ్చిన" అంది, సేటు వైపే తిరిగి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట ఆవిడ నోట వచ్చింది. "ఇంకోటి ఉన్నది. దానితోని ఇంటి ముందర ఓ చెట్టు చూస్త, భయం లేకుంట నాలుగడుగులు నడుస్త అంటున్న. తప్పా సేట్?"

సేటు లేచారు.

"తప్పు గాదు ఆపా. చెట్టు వెట్టాలె, బాట ఎయ్యాలె. నేను గూడ సైకిల్ మీదనే వస్త. గా మూల కాడ రెండు బారలు ఇడిస్తే చాలు. బడి గంట కొట్టకముందే మా బండ్లన్ని వచ్చి పోతయి. గంట కొట్టినంక ఒక్క బండి కనవడితే నా గేటుకు నువ్వే తాళం ఎయ్యి."

ఆపా ఆలోచించింది. "బడి గంట లోపటనే?"

"గంట లోపటనే."

"గట్లయితే నాకు ఒప్పే" అని కూర్చుంది.

అంతే. తీరిపోయింది. రెండు వైపులా గొంతు చించుకున్నవాళ్లు మొహమొహాలు చూసుకుంటున్నారు. ఇక మిగిలింది నా కాగితమే. పెద్ద సారు దాన్ని చేతిలోకి తీసుకుని, "మీరు మీరు ఒప్పుకుంటే కాదు. ఈడ సరుకు బండ్లే తిరగవని రిపోర్టు ఉన్నది. తిరగని బండికి దారెందుకు?" అన్నారు.

"అబద్ధం" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పెద్ద సారు నా వైపు తిరిగారు.

"నువ్వు కూసున్నది మామూలు రోజే గద?"

హాలంతా నన్నే చూస్తోంది. మూడో వరసలో సేటు కూడా చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. ఊరికే ఆగి ఉన్నారు. కాదు సార్, అమావాస్య అని రెండు మాటలు. నాలుక మీద దాకా వచ్చాయి. మెమో కనబడింది, ఆఫీసులో నవ్వు వినబడింది, తర్పణం వదిలి వచ్చి అమావాస్య మరిచిన అయ్యగారి కొడుకు అన్న పేరు కనబడింది.

"మామూలు రోజే సార్" అన్నాను.

సేటు ముందున్న బల్లను వేలి ముడితో రెండుసార్లు కొట్టారు. మెల్లగా, అలవాటుగా. తర్వాత లేచి బయటికి వెళ్లిపోయారు.

నేను వెనకాలే పరిగెత్తాను. సిగ్గుతో కాదు, కోపంతో. ఎందుకో నాకు ఆయన మీదే కోపం వచ్చింది. సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీకు ఎరుకే గద సేటూ. నలుగుట్ల నన్ను గట్ల చూసుకుంట కూసునే బదులు మీరే చెప్పొచ్చు గద" అన్నాను.

"నేను చెప్తే మీరు అబద్ధం ఆడినోళ్లయితరు అయ్యగారూ. మీరే చెప్తే మర్చిపోయినోళ్లయితరు. రెంటికి మస్తు ఫరక్ ఉన్నది."

"ఇంకా చెప్తననుకుంటున్నరా?"

"బాపుకు నీళ్లు ఇడిసి వచ్చిన దినం అది. దాన్ని వట్టుకోని నేను మిమ్ముల నలుగుట్ల నిలవెట్టను. ఆగుత. సిమెంటు పోసేదాక టైమున్నది గద."

నా స్కూటర్‌కు కొలత కర్ర కట్టి ఉంది, సర్వేకు వాడే పొడుగాటిది. వెనక మూరెడు పొడుచుకొచ్చింది. ఆయన దాన్ని చూశారు. జేబులోంచి ఎర్ర పీలిక తీసి దాని కొసకు కట్టి, రెండుసార్లు గుంజి, చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ ఒకసారి గుంజారు. సైకిల్ ఎక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత రెండు నెలల్లో ఆయన్ని ఐదారుసార్లు చూసి ఉంటాను. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, పోట్లాడేవాణ్ణి. పనులెంత దాకా వచ్చినయి అయ్యగారూ అని మాత్రం అడిగేవారు. గట్టు వరకు వచ్చినయి, మట్టి పోసిండ్రు, గుంతలు తవ్వుతున్నరు. నేను చెబుతుంటే తలాడించేవారు. ఆయన్ని తప్పించుకోవడానికి నేను చుట్టూ తిరిగి వేరే దారిన ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను. కొలత కర్రకున్న ఎర్ర గుడ్డను విప్పేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టాను. ముడి రాలేదు.

శనివారం ఫోన్ పెట్టేశాక నేను సైదాబాద్ వెళ్లలేదు. డిపోకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోయేముందు ఇంకెవరికైనా చెప్పారా అన్నది తేల్చుకుందామని.

డిపో ముందు భాయ్ ఒక్కడే ఉన్నాడు. మూల దగ్గర గుంతల వరస పొడుగునా రేకులు అడ్డం పెట్టారు, సోమవారం కాంక్రీటు పోసి అది ఆరేదాకా ఎవరూ తొక్కకుండా. ట్రాలీ లోపలికి రాదు, మెయిన్ రోడ్డు మీద నిలబెట్టి వచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"సేట్ ఏమన్న అన్నడా భాయ్? నా గురించి?" అని అడిగాను.

"మీ గురించా? నిన్న పొద్దుగాల అడిగిండు సాబ్. అయ్యగారు ఈ నడుమ కనవడ్తలేడు, తబియత్ మంచిగున్నదా అని."

"ఇంకేం అనలేదా?"

"ఇంకేం లే."

అంటే ఎవరికీ చెప్పలేదు. నేను క్షేమం. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను, కానీ ఫోన్‌లో కలిగిన తేలిక మళ్లీ రాలేదు.

భాయ్ గేటు పక్కనున్న రెండు పచ్చి వెదుళ్ల దగ్గరికి వెళ్లాడు. మొదటిదాన్ని కిందికి వాల్చాడు. అవి ఎవరి కోసమో అప్పటిదాకా నాకు తట్టలేదు.

"ఇంటికాడ అందరు ఎదురుచూస్తున్నరు. హమాలీలు గూడ ఆడికే పోయిండ్రు. ఒక్కన్ని అయితలే సాబ్. జర ఆ కొస పట్టుండ్రి" అన్నాడు.

పట్టుకున్నాను. పచ్చి వెదురు, చల్లగా, బరువుగా ఉంది. భాయ్ ముందు, నేను వెనక. మూల దాకా వచ్చాం. భాయ్ తిరిగాడు. నా కొస ఆపా గోడకు తగిలింది. గోడ మీద పాత గీత కనబడుతోంది, ఆనాడు నేను గీరినదే. వెనక్కి జరిగితే వెదురు రేకుకు కొట్టుకుని చప్పుడైంది. ఆ చప్పుడుకు ఆపా గుమ్మంలోకి వచ్చింది. వెదుర్ని చూసింది, మమ్మల్ని చూసింది, ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఘుమ్తా నై సాబ్" అన్నాడు భాయ్. "సేట్‌ది గూడ తిరుగుతలే."

నేను కదల్లేకపోయాను. నా గీత మీద, నా కాగితం మీద, ఆ మనిషి పాడె వెదురు ఇరుక్కుని ఉంది. దుఃఖం అప్పుడు వచ్చింది. పొద్దుటి నుంచీ రానిదంతా ఒక్కసారిగా వచ్చింది. వెదుర్ని భుజం మీదే ఉంచి, ఎడమ చేత్తో జేబులోంచి ఫోన్ తీశాను. పెద్ద సారు ఎత్తారు.

"సార్, గా వెదురు డిపోల మూల సర్వే. నేను కూసున్నది అమావాస్య నాడు. గా దినం వాళ్లు సరుకు దించరు. నాకు ఎరుకే. మీటింగుల మామూలు రోజని అబద్ధం చెప్పిన."

పెద్ద సారు ఎదురడిగారు.

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్? ఎవలన్న కంప్లైంటు ఇచ్చిండ్రా?"

"లేదు సార్."

"ఎవలన్న అడుగుతున్నరా?"

"అడిగేటాయన పోయిండు సార్."

"నీకు మెమో వస్తది, తెలుసు గద. రాసిస్తవా?"

"ఇయ్యాలనే రాసిస్త సార్. సోమవారం ఈ మూల ఆపుండ్రి. రెండు బారలు."

ఆయన ఇంకా ఏదో అరుస్తున్నారు. ఫోన్ జేబులో వేసుకున్నాను. ఆపా గుమ్మం దిగి వచ్చి, రేకును రెండు చేతులా పట్టుకుని పక్కకు లాగడం మొదలుపెట్టింది. లాగలేకపోతోంది. ఆవిడకు సాయం పడదామని నేను భుజం మీంచి వెదురు దించబోయాను.

"కొస ఇడవకుండ్రి సాబ్" అన్నాడు భాయ్ ముందు నుంచి. "నేల మీద వెట్టొద్దు. ఆమె తీస్తది, ఆగుండ్రి."

ఆగాను.